గుర్తు పెట్టని స్క్రూ

బుసయ్య చేతులు ఊరుకోవు. ఎవరింటికైనా వెళితే ముందు కుర్చీని అటూ ఇటూ ఊపి చూస్తాడు. కాలు కుదురుగా లేకపోతే కాగితం మడిచి దాని కింద దోపితేగానీ కాఫీ ముట్టుకోడు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో అత్తగారింటికి వెళ్ళి, అందరూ మధ్యాహ్నం కునుకు తీస్తున్న సమయంలో వాళ్ళ గోడ గడియారం విప్పి బల్ల మీద పరిచాడు. అది రోజూ కాస్త వెనకబడుతోందట. అతను బాగుచేశాక అసలు నడవడమే మానేసింది. అంతకుముందు అది బాగానే ఉండేదని ఇల్లాలు ఇప్పటికీ సందర్భం దొరికినప్పుడల్లా గుర్తు చేస్తూనే ఉంటుంది.

బుసయ్య అసలు పేరు కాదు లెండి. ఆ పేరు పెట్టింది వాళ్ళక్క. క్యాసెట్టు పెట్టి మీట నొక్కగానే పాటకన్నా ముందు వినబడే సన్నటి 'స్స్స్' మీకు గుర్తుండే ఉంటుంది. మనకైతే అది ఒక లెక్కలోది కాదు, రెండు నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది. అతనికి అలా కాదు. పదేళ్ళ వయసులోనే టేపురికార్డరు ముందు చెవులు మూసుకుని, పాము దూరిందేమో లోపల, బుస కొడుతోందని గోల పెట్టాడు. ఇంట్లోవాళ్ళంతా నవ్వారు. అక్క మాత్రం నవ్వి ఊరుకోలేదు, ఆ రోజునుంచి బుసయ్యా అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడతనికి యాభై దాటాయి, పేరు మాత్రం దాటిపోలేదు.

ఆ బుస మీద కసితోనే అతను ఈ పనిలోకి వచ్చాడంటే నమ్మాలి. ఇంటి ముందు గదే దుకాణం. పాత క్యాసెట్ డెక్కులు ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు లోకంలో. వాళ్ళందరూ చివరికి అతని గుమ్మంలోనే తేలతారు. అతను ముఖ్యంగా చేసేది నాయిస్ రిడక్షన్ పని, అంటే బుసను అణచడం. అందులో కిటుకు చిన్నదే. రికార్డు చేసేటప్పుడు డెక్కు సన్నని, మెత్తని శబ్దాలను కావాలనే పెంచి టేపు మీదికి ఎక్కిస్తుంది. ప్లే చేసేటప్పుడు ఎంత పెంచిందో అంత దించుతుంది. దించేటప్పుడు టేపు బుస కూడా దాంతోపాటు దిగిపోతుంది, మాట మాత్రం మామూలుగా నిలబడుతుంది. అయితే ఎక్కించినంతే దించాలి. ఎక్కువ దించితే బుసతోపాటు మాటలో సగం కూడా మట్టికొట్టుకుపోతుంది. ఆ కొలత డెక్కు లోపల ఆవగింజంత స్క్రూల చేతిలో ఉంటుంది.

ఆ స్క్రూల విషయంలో బుసయ్యకు ఒక నియమం ఉంది. తిప్పే ముందు గుర్తు పెట్టాలి. ఇల్లాలి గోళ్ళరంగు సీసాలోంచి సన్నని పుల్లతో ఒక చుక్క తీసి, స్క్రూ మీదినుంచి పక్కనున్న బోర్డు దాకా ఎర్రగీత గీయాలి. తర్వాత ఎంత తిప్పినా, గీతకు గీత కలిపితే పాత చోటికి వచ్చేయవచ్చు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొదటిరోజు ఇదే పాఠం. వీధి చివర సైకిళ్ళు బాగుచేసే ఆయనకు కూడా అడగకుండానే చెప్పాడు. ఆయన తన సైకిళ్ళకు స్క్రూలు కాదు నట్లుంటాయని చెప్పి పంపించాడు.

ఇక అక్క సంగతి. ఆమెను వీధంతా రేడియో అనేది. వసపోసిన పిట్టలా మాట్లాడేది మరి. కూరగాయలవాడితో బేరం మొదలుపెట్టి వాడి చెల్లెలి కాపురం దాకా వెళ్ళి, మళ్ళీ వంకాయల దగ్గరికి దిగి వచ్చేది. అంతటి మనిషికి గొంతులో పుండు వచ్చింది. ముదిరిందన్నారు. ఆపరేషన్ చేసి గొంతు పెట్టెను తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం ఉంటుంది. ఊపిరి అందులోంచే లోపలికి పోయి అందులోంచే బయటికి వస్తుంది. దాని మీద ఆమె పల్చటి నూలుగుడ్డ కట్టుకుంటుంది. ముక్కుకూ నోటికీ ఊపిరితో పని లేకుండా పోయింది.

మెడకు ఆనించుకుంటే మాట వచ్చే ఒక కరెంటు పరికరం ఆస్పత్రివాళ్ళు ఇచ్చారు. అది మెడను అదిరించి, మనిషి మాటను మిక్సీ చప్పుడులా బయటికి పంపుతుంది. అక్క దాన్ని ఒకేఒక్కసారి వాడింది. ఆ గొంతు విని, పరికరాన్ని సొరుగులో పడేసి, మళ్ళీ తీయలేదు. ఒక గ్లాసు, ఒక చెంచా దగ్గర పెట్టుకుంది. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. మరీ అవసరమైతే పలక మీద రాస్తుంది. వీధిలోకి రావడం మానేసింది. కూరగాయలవాడు గుమ్మం ముందు ఆగి చూసి చూసి వెళ్ళిపోతున్నాడు. బావకు పాపం ఏం చేయాలో తోచదు. ఆయనకు వినికిడి తక్కువ. ఆమెకు నోరు లేదు, నాకు చెవి లేదు, ఇప్పుడు కుదిరింది జోడీ అని ఆయన నవ్వించబోయాడు ఒకసారి. అక్క నవ్వలేదు. ఆయన లేచి వెనక పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు.

అలాంటి సమయంలో గొంతు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. మనిషి పాత గొంతు రికార్డులు సరిపడా ఉంటే, వాటితో ఒక యంత్రానికి ఆ గొంతు నేర్పవచ్చట. అక్క మాటలు టైపు చేస్తే అది ఆమె గొంతుతోనే పలుకుతుందట. రికార్డులు బుస లేకుండా శుభ్రంగా ఉండాలి, వచ్చే శుక్రవారంలోపు అందాలి. ఆ రోజు గొంతు తయారుచేసే ఇంజనీరు వస్తాడు, తర్వాత మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు.

రికార్డులు ఉన్నాయి. నాన్నకు చూపు పోయాక అక్క రోజూ ఉద్యోగానికి వెళ్ళే ముందు పేపరంతా చదివి క్యాసెట్టులో పెట్టేది. ఆమె ఆఫీసులో ఉన్నంతసేపూ నాన్న మీట నొక్కుకుని వినేవాడు. ఉన్నదున్నట్టు చదివితే ఆమె ఎందుకవుతుంది? మధ్యలో తన మాటలు కలిపేది. ఈ మంత్రిగారు పోయినసారి కూడా ఇదే అన్నాడు నాన్నా అనేది. వరుడు కావలెను ప్రకటన చదివి, వీడికి పిల్ల దొరకదు అనేది. నాన్న పోయాక ఆ క్యాసెట్లూ, అవి రికార్డు చేసిన డెక్కూ ఒక అట్టపెట్టెలో అటక మీదికి వెళ్ళాయి. ఇప్పుడు కిందికి దిగాయి. పలక మీద అక్క పెద్ద అక్షరాలతో రాసింది: "నా గొంతయితేనే మాట్లాడతా. లేకపోతే ఇలాగే." ఆమె పట్టు ఎలాంటిదో ఇంట్లో అందరికీ తెలుసు. అంటే ఇప్పుడు ఆ అట్టపెట్టెలో ఉన్నది క్యాసెట్లు కాదు, అక్క.

బావ ఆ పెట్టెను బుసయ్య బల్ల మీద దింపి, ఇక నీదే భారమోయ్ అని చెప్పి వెళ్ళాడు. బుసయ్య గుండె పొంగిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరెవరి పాటలకో బుస తీశాడు, ఇప్పుడు అక్క గొంతుకు తీయబోతున్నాడు. ఈ పనికి అతన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు, ఆ సంగతి అతనికీ తెలుసు. అక్కడే వచ్చింది చిక్కంతా.

డెక్కు మూత తీశాడు. కొలత చూసుకోవడానికి ఒకే స్థాయి శబ్దం ఎక్కించిన క్యాసెట్టు పెట్టి మీటరు చూశాడు. ముల్లు ఉండాల్సిన గీతకు చాలా దూరంగా ఉంది. రికార్డు వైపు చూస్తే అదీ తప్పే. నాన్న దాన్ని ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. అంతకుముందే ఎవడో మహానుభావుడు ప్లే స్క్రూనూ రికార్డు స్క్రూనూ ఇష్టం వచ్చినట్టు తిప్పిపెట్టాడు. చిన్నప్పుడు బుసయ్యను దాని దరిదాపుల్లోకి రానిచ్చేవారు కాదు కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు. తప్పుగా ఉన్న స్క్రూ కంటబడితే అతనికి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది.

ఇల్లాలు కాఫీ తెచ్చి, ముందు వదిన క్యాసెట్టు ఒకటి పెట్టి వినొచ్చుగా, అప్పుడే విప్పడమెందుకు అంది. గీత దాటిన డెక్కులో ఏం వింటావని అతను విసుక్కున్నాడు. గోళ్ళరంగు సీసా చేతికందేంత దూరంలోనే ఉంది. మన ఇంటి డెక్కేగా, మనకు తెలియనిదేముంది, దీనికి కూడా గుర్తులా అనుకున్నాడు. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే నీతులు. రెండు వైపులా స్క్రూలను కొలతకు తెచ్చేశాడు. ముల్లు గీత మీద నిలబడింది. కాఫీ చల్లారిపోయింది, అయినా తృప్తిగా తాగాడు.

మర్నాడు అక్కను తీసుకుని బావ వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆమె ఇల్లు కదలడం. ఉతికిన చీర కట్టుకుంది, గ్లాసూ చెంచా సంచిలో పెట్టుకుని వచ్చింది. బుసయ్య ఆమెను స్పీకర్ల ఎదుట కూర్చోబెట్టి, క్యాసెట్టు పెట్టి, చూడు, బుస అనేదే ఉండదని చెప్పి మీట నొక్కాడు.

బుస లేదు నిజమే. మాట వచ్చింది. కాని ఎవరో ముఖం మీద దుప్పటి కప్పుకుని చదువుతున్నట్టుగా వచ్చింది. మాట మొదలవుతోంది, చివర మింగుడుపడిపోతోంది. 'స'లూ 'ష'లూ అరిగిపోయాయి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఏమీ లేదు, గొయ్యి తవ్వినట్టు ఖాళీ. మందకొడిగా, విసుగ్గా ఎవరో ఒక ముసలావిడ ఉల్లిపాయల ధర చదువుతోంది.

అక్క కాసేపు విన్నది. చెంచాతో రెండుసార్లు కొట్టింది. అతను ఇంకో క్యాసెట్టు పెట్టాడు. మళ్ళీ రెండుసార్లు. అప్పుడామె పలక తీసుకుని రాసి చూపించింది.

"ఎవరీవిడ?"

బావ మెడ ముందుకు చాచి, బాగానే ఉందిగా, వంక పెట్టడానికేముంది అన్నాడు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టే అది. అక్క ఆయన వైపు చూడలేదు. పలక తుడిచి, గ్లాసూ చెంచా సంచిలో వేసుకుని, లేచింది. గుమ్మం దగ్గర ఒకసారి తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

బుసయ్యకు అప్పటికే అర్థమైంది. ఆ డెక్కులో రికార్డు స్క్రూ ఒక వైపుకు తప్పింది, ప్లే స్క్రూ దానికి సరిగ్గా రెండో వైపుకు తప్పింది. దొందూ దొందే. ఇది తక్కువ ఎక్కించేది, అది పెంచి చదివేది, రెండు తప్పులూ కలిసి నాన్న చెవిలో అక్క గొంతును ఉన్నదున్నట్టు వినిపించేవి. ఇప్పుడతను రెండింటినీ ఒప్పు చేశాడు. కాని క్యాసెట్ల మీద ఉన్నదంతా పాత తప్పుతో ఎక్కినదే. తక్కువగా ఎక్కిన మెత్తని శబ్దాలన్నిటినీ డెక్కు ఇప్పుడు బుస అనుకుంటోంది. బుస అనుకుని చంపేస్తోంది. పాత స్క్రూ ఎక్కడ ఉండేదో తెలిస్తే క్షణంలో అయిపోయే పని. ఎక్కడ ఉండేదో చెప్పే గీత లేదు.

ఆ రోజునుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. నాయిస్ రిడక్షన్ మీట ఆపేసి విన్నాడు. అప్పుడు మాట కీచుమంటూ, బుసలో ఈదుతూ వచ్చింది. మీట వేసి స్క్రూను కొద్దికొద్దిగా తిప్పాడు. ప్రతి చోటా ఒక గొంతు వచ్చింది. ఒకచోట జలుబు చేసినట్టు, ఒకచోట కోపంగా ఉన్నట్టు, ఒకచోట రైలుబండి కిటికీలోంచి మాట్లాడుతున్నట్టు. వీటిలో అక్క ఏది? రోజూ విన్న గొంతే, ఎదురుగా పెట్టి పోల్చుకోమంటే దొరకడం లేదు. ఎంత గుర్తు తెచ్చుకుంటే అంత చెదిరిపోతోంది. రికార్డు స్క్రూ పాత చోటు తెలిసినా లెక్కగట్టి ఉండేవాడు, దాన్ని కూడా తిప్పేసి చేతులు దులుపుకున్న ఘనుడు తనే. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

లేస్తాడు, కూర్చుంటాడు, వీధిలోకి వెళ్తాడు, నాలుగిళ్ళు దాటకుండానే ఏదో తట్టి వెనక్కి పరుగెత్తుకొస్తాడు. ఇంకెవరిదో డెక్కు తీసుకుని బాగుచేయబోయి, స్క్రూడ్రైవరు పట్టుకుని మళ్ళీ పక్కన పెట్టేశాడు. కంచం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, ముద్ద నోటికి పోలేదు. ఇల్లాలు చూసి చూసి, ముందు వినమన్నానా లేదా అని అడగవచ్చు. అడగలేదు. మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపి వెళ్ళిపోయింది. అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం దగ్గర పడింది. తోచక డాక్టరమ్మకు ఫోను చేశాడు. పరిస్థితి కాస్త అటూ ఇటూగా చెప్పి, బుస తీసేసిన కాపీ ఒకటి ఉందని, మాట మాత్రం కొంచెం మందంగా ఉందని, ఫోనులోనే వినిపించాడు. ఆమె విని సంతోషించింది. ఇంత శుభ్రంగా ఇంటి క్యాసెట్లు ఉండవని మెచ్చుకుంది. పదాలు తెలుస్తున్నాయి కదా, అది చాలు, గొంతు తయారైపోతుంది అంది. ఊపిరి చప్పుళ్ళు కూడా లేకపోవడం ఇంకా మంచిది, లేకపోతే వాటిని ఇంజనీరు ఒక్కొక్కటీ కత్తిరించాలట.

ఫోను పెట్టేసి బుసయ్య ఆ కాపీ పట్టుకుని నిలబడ్డాడు. ఇచ్చేయవచ్చు. డాక్టరమ్మే సరే అంది. అక్క ఒప్పుకోకపోతే, అదే నీ గొంతు, ఇన్నాళ్ళయింది కదా, నీకే గుర్తులేదు అని చెప్పవచ్చు. ఇంట్లో అందరూ అవునంటారు, బావ అయితే ముందే అన్నాడు. పాపం అక్క, తన గొంతు తనది కాదని ఎవరితో వాదిస్తుంది, చెంచాతోనా? ఆ ఆలోచన వచ్చిందే తడవు అతనికి తల కొట్టేసినట్టయింది. రేపటినుంచి ఆ దుప్పటి కప్పుకున్న ముసలావిడ తనను ఒరేయ్ తమ్ముడూ అని పిలుస్తుంది. అది వింటూ తను బతకాలి. కాపీని బల్ల మీదికి విసిరేసి చెప్పులు వేసుకున్నాడు.

అక్క పెరటి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అతను నిలబడే చెప్పేశాడు.

"గుర్తు పెట్టకుండా తిప్పానక్కా. నీ గొంతు ఎక్కడ ఉండేదో నాకు తెలియడం లేదు. నీకు తెలుస్తుందా?"

అక్క చేట పక్కన పెట్టింది. అతని ముఖంలోకి చూసింది. ఆమెకు కోపం వచ్చిందనే అతను అనుకున్నాడు. వచ్చింది కూడా, చేట మీదినుంచి ఒక బియ్యపు గింజ తీసి చిన్నప్పటిలా అతని ముఖాన కొట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి గ్లాసూ చెంచా తెచ్చుకుంది.

ఇద్దరూ దుకాణానికి వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. అతను డెక్కు లోపలికి స్క్రూడ్రైవరు పెట్టాడు, ఆమె కళ్ళు మూసుకుంది. క్యాసెట్టు ముక్క ఒకటే, మళ్ళీ మళ్ళీ. ఉల్లిపాయల ధర, తర్వాత ఊళ్ళో నీళ్ళు రాని వీధులు, మధ్యలో ఆమె చదవడం ఆపి పక్కకు తిరిగి తమ్ముణ్ణి కసరడం. ఆ రోజు అతను ఆమె పక్కన చేరి ఏదో కెలుకుతుండాలి. ఒక్కొక్క వెంట్రుకవాసి తిప్పుతాడు, ఆమె వింటుంది, రెండుసార్లు కొడుతుంది. మళ్ళీ తిప్పుతాడు. మళ్ళీ రెండుసార్లు.

ఒకచోట బుస పూర్తిగా అణిగి, మాట తేటగా తేలింది. అబ్బ, ఇదే అనుకుని బుసయ్య చెయ్యి తీసేశాడు. అతని చెవికి అంతకన్నా చక్కటి చోటు లేదు. అక్క రెండుసార్లు కొట్టింది. ఇంకా తిప్పితే బుస వచ్చేస్తుందక్కా అన్నాడు. ఆమె కళ్ళు తెరవకుండానే అతని మణికట్టు పట్టుకుని ముందుకు తోసింది. తిప్పాడు. బుస లేచింది. సన్నగా, అతను పదేళ్ళప్పుడు చెవులు మూసుకున్న అదే బుస. అతని పళ్ళు జివ్వుమన్నాయి. పారిపోవాలనిపించింది. ఆమె పట్టు వదల్లేదు. ఇంకొక్క వెంట్రుకవాసి.

అప్పుడు ఆ బుసలోంచి ఏదో వచ్చింది. మాట కాదు. మాటకు ముందు, నోరు తెరిచి లోపలికి పీల్చుకున్న ఊపిరి. 'హ్' అని, తొందరగా, ఎక్కడికో పరుగెత్తుకు వెళ్ళాల్సిన మనిషి పీల్చుకున్నట్టు. వెంటనే మాట.

"నాన్నా, వింటున్నావా? ఉల్లిపాయలు మళ్ళీ పెరిగాయి."

చెంచా గ్లాసుకు ఒకసారి తగిలింది.

అది అక్కే. బుసయ్యకు కూడా తెలిసిపోయింది, ఇంక అడగాల్సిన పని లేదు. రేడియో అని వీధంతా నవ్వుకున్నది ఆ తొందరనే. వాక్యం పూర్తికాకముందే తర్వాతి దానికి ఊపిరి పీల్చేసుకునేది, ఇంకెవరైనా మధ్యలో దూరిపోతారేమోనని. ఇన్ని రోజులూ అతను వెతికింది గొంతును. డెక్కు చంపేసింది ఊపిరిని. మెత్తగా ఉంది కాబట్టి బుస అనుకుంది.

అక్క కళ్ళు తెరిచింది. క్యాసెట్టు నడుస్తూనే ఉంది. టేపులో ఊపిరి పీల్చినప్పుడల్లా ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంటోంది. ఏమీ లోపలికి పోవడం లేదు. మెడ దగ్గర నూలుగుడ్డ మాత్రం లోపలికి నొక్కుకుపోయి మళ్ళీ ఉబ్బుతోంది. ఆమె అరచెయ్యి తీసి నోటికి ఎదురుగా పెట్టుకుంది, గాలి తగులుతుందేమో చూసుకుంటున్నట్టు. కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత ఆ చేత్తోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. చప్పుడు లేని ఏడుపు. బుసయ్యకు కూడా ఏడుపు ఆగలేదు. స్క్రూడ్రైవరు కదిలితే చోటు తప్పుతుందని చెయ్యి బిగబట్టుకుని ఏడ్చాడు.

లోపలినుంచి ఇల్లాలు వచ్చి ఇద్దరినీ చూసింది. గోళ్ళరంగు సీసా మూత తీసి, పుల్ల ముంచి అందించింది. అతని చెయ్యి స్క్రూడ్రైవరు మీదే ఉందని అక్క ఆ పుల్ల లాక్కుంది. డెక్కు మీదికి వంగి, స్క్రూ మీదినుంచి బోర్డు దాకా గీత తనే గీసింది. అది కాస్త వంకరగా వచ్చింది. బుసయ్య దాన్ని చెరిపి సరిగ్గా గీద్దామని చెయ్యి చాపబోయాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అతని చేతి మీద కొట్టారు.

శుక్రవారం కొత్త కాపీ పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళారు. ఇంజనీరు నెమ్మదైన మనిషి. కాపీ విని డాక్టరమ్మ, మొన్న ఫోనులో విన్నదే మేలేమో, ఇందులో బుస ఉంది, ఊపిరి చప్పుళ్ళు కూడా ఉన్నాయి అంటే, పరవాలేదు, అన్నీ తుడిచేస్తానని ఆయన అన్నాడు. బుసయ్య ఒక్కసారిగా కుర్చీలోంచి లేచాడు. ఇన్నేళ్ళూ ప్రపంచంలోని బుసనంతా తుడవాలని చూసినవాడు అన్న మాట ఇది.

"బుస తుడిచినా తుడవకపోయినా మీ ఇష్టం సార్. ఊపిరి మాత్రం ముట్టుకోకండి. వాక్యం ముందు అది రావాలి. అది లేకపోతే మా అక్క కాదు."

ఇంజనీరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. వాక్యానికి ముందు ఊపిరి పెట్టించవచ్చు, కష్టమేమీ కాదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే అన్నాడు. అక్క వైపు చూశాడు. అక్క బల్ల మీద వేలితో ఒకసారి కొట్టింది.

గొంతు తయారవడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలన్నీ బుసయ్య ఎలా గడిపాడో ఇల్లాలిని అడగాలి. ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ విప్పి బిగించాడు. వాటిలో రెండు ఇప్పుడు కారుతున్నాయి. డాక్టరమ్మ రమ్మన్న రోజు అందరికన్నా ముందు వెళ్ళి, ఆ గదిలో కిటికీ రెక్క సరిగా పడటం లేదని దాని గడియ ఊడదీస్తూ నిలబడ్డాడు. బావ కొత్త చెవి మిషను పెట్టుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. అక్క ముందు పలకంత యంత్రం పెట్టారు. ఏదైనా టైపు చేయమ్మా, మీ పేరో, నమస్కారమో అంది డాక్టరమ్మ.

అక్క పేరు టైపు చేయలేదు. కిటికీ వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. గదిలో ఎవరూ కదల్లేదు, కిటికీ దగ్గర గడియ కెలుకుతున్న ఒక్క మనిషి తప్ప.

ముందు ఊపిరి వచ్చింది. తొందరగా, 'హ్' అని. బావ ఉలిక్కిపడి తల తిప్పాడు.

"ఒరేయ్ బుసయ్యా, ఆ చేతులు కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చోరా."

క్యాసెట్టులో నాన్నకు పేపరు చదువుతూ పక్కకు తిరిగి కసిరిన మాటే అది, అక్షరం పొల్లుపోలేదు. గొంతూ అదే. బావ చెవి మిషను మీద అరచెయ్యి పెట్టుకుని అలా ఉండిపోయాడు. అక్క భుజాలు కదులుతున్నాయి. ఆమె నవ్వుతోంది.

బుసయ్య కిటికీ గడియ వదిలేశాడు. వచ్చి అక్క పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ కాలు ఊగుతోంది. అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.